కొలిమిలో వేడి ఎటు పోతోంది? ఇంట్లో కట్టుకునే కొలిములు, బర్నర్ల వెనక ఉన్న లెక్క

వంటింటి గ్యాస్ పొయ్యి మీద సన్నటి ఇనుప చువ్వ పెడితే కాసేపటికి కొస ముదురు ఎరుపుకు వస్తుంది. అక్కడితో సరి. ఎంతసేపు ఉంచినా పసుపు రంగుకు రాదు, సుత్తి వేస్తే మొరాయిస్తుంది. అదే చువ్వను అదే ఎల్‌పీజీతో నడిచే చిన్న కొలిమిలో పెడితే కొద్ది నిమిషాల్లో పసుపు పచ్చగా కాగి, కొట్టినట్టల్లా సాగుతుంది. రెండు చోట్లా గ్యాస్ ఒకటే. మంట వేడి కూడా దాదాపు ఒకటే. గాలితో సరైన పాళ్లలో కలిసి కాలితే ప్రొపేన్ మంట లెక్క ప్రకారం 1,950 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మరి తేడా ఎక్కడ వస్తోంది?

సొంతంగా కొలిమి కట్టుకోవాలనుకునే వాళ్లను తికమక పెట్టే ప్రశ్నల్లో సగం ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి. అమెరికాలో కమ్మరం హాబీగా మారి యాభై ఏళ్లు దాటింది. కళాకారులైన కమ్మరులు అక్కడ 1973లోనే సంఘం పెట్టుకున్నారు. 2015లో హిస్టరీ ఛానెల్‌లో కత్తుల తయారీ పోటీ మొదలయ్యాక ఆ సరదా గ్యారేజీల్లోకి, అక్కడి నుంచి వీడియోల రూపంలో మన ఫోన్లలోకి వచ్చింది. ఒకాయన పాత బ్రేక్ డ్రమ్‌లో బొగ్గులు పోసి హెయిర్ డ్రయ్యర్ పెడితే చాలంటాడు. ఇంకొకాయన పెయింట్ డబ్బాలో సెరామిక్ ఉన్ని చుట్టమంటాడు. మూడో ఆయనకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఇసుక కలిపితే కొలిమి అయిపోతుంది. అందరి కొలిమిలోనూ ఇనుము ఎర్రబడుతూనే కనిపిస్తుంది కాబట్టి ఎవరి మాట నమ్మాలో తెలియదు.

కమ్మరం మనకు కులవృత్తి. నాగలి కర్రు సరిచేయడానికి, కొడవలికి పదును పెట్టించడానికి ఊళ్లో కొలిమి దగ్గర కూర్చున్న తరం ఇంకా ఉంది. 2023 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. కాబట్టి హాబీ అనే మాట మనకు కొత్త కావచ్చు గానీ, ఆ వీడియోల్లో చర్చించే విషయాల్లో చాలా భాగం మన కమ్మరికి చేతి వాటంగా తెలిసినవే.

రంగే థర్మామీటరు

కొలిమి పని ఇనుమును కరిగించడం కాదు, మెత్తబరచడం. చీకటి గదిలో ఇనుము 600 డిగ్రీల దగ్గర ముదురు ఎరుపుగా కనిపిస్తుంది. 750 ప్రాంతంలో నిండు ఎరుపు, 950కి నారింజ, 1,100కి పసుపు, 1,250 దాటితే తెలుపు. ఇవి కచ్చితమైన అంకెలు కావు. ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనిపిస్తాయి. కమ్మరిశాల ఎప్పుడూ కాస్త మసక వెలుతురులో ఉండటానికి కారణం అదే.

సాగగొట్టడానికి నారింజ నుంచి పసుపు మధ్య రంగు కావాలి. రెండు ముక్కల్ని కాల్చి, కొట్టి ఒకటిగా అతికించాలంటే తెలుపుకు దగ్గరగా వెళ్లాలి. పదును పట్టించడానికి మాత్రం 800 చుట్టుపక్కల చాలు. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. లారీ కమాను పట్టీతో కత్తి చేసేవాళ్లు పక్కన అయస్కాంతం ఎందుకు పెట్టుకుంటారో ఇప్పుడు అర్థమవుతుంది.

అంటే ఒకే కొలిమి 800కీ పనికిరావాలి, 1,250కీ పనికిరావాలి. అక్కడికి చేరడం ఇంధనం, గాలి, గోడ అనే మూడింటి మీద ఆధారపడుతుంది. వీడియోల్లో ఎక్కువ సమయం బర్నర్‌కే పోతుంది. నన్నడిగితే ఎక్కువ తేడా తెచ్చేది గోడ, మూతి. ఆ లెక్క తర్వాత చూద్దాం.

బొగ్గు కొలిమి: గాలి ఎటునుంచి, ఎంత లోతు

అన్నిటికంటే చవకైన కొలిమి మట్టిది. ఒక చెక్కపెట్టె నిండా మట్టి దట్టించి, మధ్యలో గిన్నెలా గుంట తీసి, పక్కనుంచి ఇనుప గొట్టం దూర్చితే చాలు. అమెరికాలో దీన్ని కొత్తగా కనిపెట్టినట్టు ముచ్చటగా చెప్పుకుంటారు. నేలలో గుంట తవ్వి, మట్టి గోడ కట్టి, తోలు తిత్తితోనో చేత్తో తిప్పే పంకాతోనో గాలి కొట్టే మన ఊరి కొలిమి కూడా సరిగ్గా ఇదే.

ఇందులో అసలు సంగతి గొట్టం మూతి దగ్గర జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ దండిగా ఉంటుంది. ఇనుము ఆ చోట పడితే నల్లటి పొలుసు లేస్తుంది, ఇంకాస్త వేడెక్కితే రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది కూడా. రెండు మూడు అంగుళాలు దాటి నిప్పుల మధ్యకు వెళ్లేసరికి ఆక్సిజన్ అంతా బొగ్గుతో కలిసిపోయి, కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. ఇనుము భద్రంగా కాగే చోటు అది. ఇంకా పైకి వస్తే మళ్లీ బయటి గాలి తగులుతుంది. కాబట్టి నిప్పుల పరుపు లోతుగా లేకపోతే మధ్యనుండే ఆ మంచి పొర ఏర్పడదు. బ్రేక్ డ్రమ్ కొలిమిలో ఇనుముకు పొలుసు ఎక్కువగా లేస్తోందంటే తప్పు సాధారణంగా డ్రమ్‌ది కాదు, తక్కువ బొగ్గులు పోసి ఎక్కువ గాలి కొట్టడానిది. హెయిర్ డ్రయ్యర్ ఇచ్చే గాలి చిన్న కర్రబొగ్గు నిప్పుకు ఎక్కువే. చాలామంది దాన్ని గొట్టానికి గట్టిగా బిగించకుండా ఎడంగా పెట్టి, కొంత గాలిని పక్కకు పోనిస్తారు.

గాలి కిందినుంచి రావాలా, పక్కనుంచి రావాలా అన్నది పాత తగవు. నిజానికి అది ఇంధనాన్ని బట్టి తేలేది. కర్రబొగ్గు తేలిక. కిందినుంచి కొడితే రవ్వలు లేచి, బొగ్గు వృథాగా కాలుతుంది. అందుకే దానికి పక్కగాలి నప్పుతుంది. రాక్షసిబొగ్గులో బూడిద, చిట్టెం ఎక్కువ. అవి కిందకు దిగి రాలిపోవడానికి దారి ఉండాలి కాబట్టి కిందిగాలి అమరిక సౌకర్యం.

విదేశీ పాఠాలు అనుకరించేవాళ్లు ఇంకో మెలిక చూసుకోవాలి. అక్కడ కమ్మరానికి వాడేది బూడిద తక్కువగా ఉండి, కాలుతూ ముద్దకట్టి కోక్‌గా, అంటే పొగ పోయి మిగిలే గట్టి బొగ్గుగా మారే బొగ్గు. నిప్పు మీద అది గుమ్మటంలా కట్టుకుని వేడిని లోపలే ఆపుతుంది. మన సింగరేణి బొగ్గు ప్రధానంగా థర్మల్ కేంద్రాలకు వెళ్లే రకం. కోక్ కట్టదు, బూడిద ఎక్కువ. దాంతో ఆ గుమ్మటం రాలేదంటే చేసేవాడి చేతకానితనం కాదు.

బొగ్గు మేలా, గ్యాస్ మేలా

బొగ్గు వైపు వాదించేవాళ్లు చెప్పేది: ఖర్చు తక్కువ, సిలిండర్ టెన్షన్ లేదు, ఎంత పెద్ద వస్తువైనా కావలసిన చోట మాత్రమే కాల్చవచ్చు. గేటు చువ్వ మధ్యలో నాలుగంగుళాలు ఎర్రబడితే చాలనుకుంటే బొగ్గు నిప్పుకు సాటి లేదు. గ్యాస్ కొలిమిలో మూతికి పట్టని వస్తువు లోపలికి వెళ్లదు, వెళ్లినది లోపలున్నంత మేరా కాగుతుంది.

గ్యాస్ వైపు వాళ్ల మాట: పొగ, రవ్వలు, బూడిద ఉండవు. వెలిగించిన పది పదిహేను నిమిషాల్లో పని మొదలుపెట్టొచ్చు. వేడి నిలకడగా ఉంటుంది కాబట్టి నేర్చుకునేవాడు సుత్తి మీద దృష్టి పెట్టగలడు. బొగ్గు నిప్పులో ఒక్క నిమిషం ఏమరితే ఇనుప కొస కాలి రాలిపోతుంది. గ్యాస్‌లో అది అంత సులువుగా జరగదు.

రెండు వైపులా కొన్ని అపోహలు కూడా ఉన్నాయి. బొగ్గు నిప్పులో కాలిస్తే ఇనుములోకి కార్బన్ ఎక్కి ఉక్కుగా మారుతుందనేది ఒకటి. మూసిన పెట్టెలో బొగ్గుపొడి మధ్య 900 డిగ్రీలు దాటించి గంటల తరబడి ఉంచితే మిల్లీమీటరు లోతుకు కార్బన్ ఎక్కుతుంది, నిజమే. మామూలుగా కాల్చి కొట్టే నిమిషాల వ్యవధిలో పెద్దగా ఎక్కేదేమీ ఉండదు. గాలి ఎక్కువైతే ఉన్న కార్బన్ కూడా పై పొర నుంచి పోతుంది. బొగ్గుతో అసలైన పెద్ద వేడి రాదన్నది రెండో అపోహ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కును కరిగించింది బొగ్గు మంటతో, తిత్తుల గాలితోనే. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారని, తయారీ ఎలా సాగేదో కూడా హెన్రీ వాయ్‌సీ రాసిన వివరణ 1832లో అచ్చయింది. ఇనుమును మెత్తబరచడం దాని ముందు చిన్న పని.

గ్యాస్ బర్నర్ గాలిని ఎలా పీల్చుకుంటుంది

1855లో హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్ ప్రయోగశాల కోసం తయారైన బర్నర్, మన వంటపొయ్యి, హాబీ కొలిమి బర్నర్ మూడూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. సన్నటి రంధ్రం నుంచి గ్యాస్ జోరుగా దూసుకొచ్చి గొట్టంలో పడుతుంది. పడుతూ చుట్టుపక్కల గాలిని తనతో ఈడ్చుకుపోతుంది. గొట్టం పొడవునా రెండూ కలిసి చివర కాలుతాయి. దీన్నే అందరూ వెంచూరి బర్నర్ అంటారు. ఫ్యాన్ ఉండదు, కరెంటు అక్కర్లేదు.

పొయ్యి బర్నర్‌కు, కొలిమి బర్నర్‌కు తేడా పీడనంలో ఉంది. ఇంటి రెగ్యులేటర్ గ్యాస్‌ను సుమారు 30 మిల్లీబార్లకు తగ్గించి ఇస్తుంది. కొలిమి బర్నర్ నడిచేది 0.3 నుంచి 1.5 బార్ దాకా, అంటే దాని కంటే పది నుంచి యాభై రెట్లు ఎక్కువ పీడనంతో. అందుకే దానికి వేరే హైప్రెషర్ రెగ్యులేటర్, ఆ పీడనానికి తగిన గొట్టం ఉంటాయి. ఇంటి రెగ్యులేటర్‌తో ప్రయత్నించి బర్నర్ పనిచేయడం లేదనుకునేవాళ్లు చాలామంది. పనిచేయనిది బర్నర్ కాదు, వెనకాల ఉన్న తోపు చాలడం లేదు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ముప్పావు అంగుళం పైపు, లోపలి వ్యాసం 21 మిల్లీమీటర్లు. గ్యాస్ రంధ్రం 0.8 మిల్లీమీటర్లు. పీడనం 1 బార్. ఈ రంధ్రం నుంచి గంటకు సుమారు 0.8 కిలోల గ్యాస్ వస్తుంది. కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క బర్నర్ శక్తి పది కిలోవాట్లకు కాస్త పైన. ఇంటి పొయ్యి మీది పెద్ద బర్నర్లు నాలుగు ఒకేసారి వెలిగించినంత.

ఇందులో చాలామందికి నమ్మబుద్ధి కాని విషయం ఒకటుంది. పీడనం పెంచితే మంట పెద్దదవుతుంది గానీ గాలికి, గ్యాస్‌కు మధ్య పాళ్లు పెద్దగా మారవు. గ్యాస్ జోరు పెరిగితే ఈడ్చుకొచ్చే గాలి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. పాళ్లను నిర్ణయించేది రంధ్రం వ్యాసానికి, గొట్టం వ్యాసానికి ఉన్న నిష్పత్తి. పసుపు మంట వస్తోందని రెగ్యులేటర్ తిప్పుతూ కూర్చుంటే సాయంత్రం గడుస్తుంది తప్ప రంగు మారదు. రంధ్రం సన్నం చేయడమో, గాలి దారి పెద్దది చేయడమో జరగాలి.

ఇక్కడే మన దేశానికి సంబంధించిన చిక్కు వస్తుంది. ప్రొపేన్ ఒక వంతు పూర్తిగా కాలడానికి ఘనపరిమాణంలో దాదాపు 24 వంతుల గాలి కావాలి. బ్యూటేన్‌కు 31 వంతులు. అమెరికాలో కొలిమికి వాడే సిలిండర్‌లో ఉండేది దాదాపుగా ప్రొపేన్. మన ఎల్‌పీజీలో రెండూ కలిసి ఉంటాయి. అక్కడి కొలతలతో అచ్చుగుద్దినట్టు చేసిన బర్నర్ ఇక్కడ గాలి చాలక గ్యాస్ ఎక్కువైన మంట ఇవ్వడం అందుకే. పైగా సిలిండర్‌లో ప్రొపేన్ త్వరగా ఆవిరవుతుంది, బ్యూటేన్ వెనకపడుతుంది. నిండు సిలిండర్ మీద చక్కగా సర్దిన బర్నర్ సిలిండర్ చివరికొచ్చేసరికి వేరేలా కాలడంలో వింతేమీ లేదు.

కొలతల్లో ఇంకో మోసం ఉంది. గ్యాస్ రంధ్రం కోసం మిగ్ వెల్డింగ్ టిప్, అంటే వెల్డింగ్ తీగ బయటికి వచ్చే సన్నటి మొన, వాడటం అలవాటు. టిప్ మీద 0.8 అని ఉంటే అది అందులో దూరే తీగ మందం. తీగ జారాలి కాబట్టి రంధ్రం దానికంటే పెద్దగా ఉంటుంది. 0.8 అనుకున్నది నిజానికి 1 మిల్లీమీటరుంటే రంధ్రం వైశాల్యం 56 శాతం పెరిగినట్టు, గ్యాస్ కూడా అంతే పెరుగుతుంది. గేజీల సంగతి కూడా అంతే. వీడియోలో పది అని చెప్పింది పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి పౌండ్లు. మన గేజీ మీద ఉండేది తరచుగా చదరపు సెంటీమీటరుకు కిలోలు. ఒక కిలో అంటే 14 పీఎస్‌ఐకి పైనే.

మంట ఎందుకు ఎగిరిపోతుంది, ఎందుకు వెనక్కి దూరుతుంది

పై ఉదాహరణలో గొట్టంలో మిశ్రమం సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పోతుంది. నిలకడగా ఉన్న ప్రొపేన్, గాలి మిశ్రమంలో మంట పాకే వేగం సెకనుకు 40 సెంటీమీటర్లే. సుడుల వల్ల అది కొంత పెరిగినా తేడా చాలా ఉంటుంది. అందుకే బయట ఆరుబయట వెలిగిస్తే మంట కొస నుంచి ఎగిరి ఆరిపోతుంది. గొట్టం చివర బూరలా వెడల్పు చేయడం ఆ వేగాన్ని తగ్గించి మంటకు నిలబడే చోటివ్వడానికే. కొలిమి లోపల ఎర్రగా కాగిన గోడే మంటను పట్టి ఉంచుతుంది. బయట ఆరిపోయిన బర్నర్ లోపల చక్కగా పనిచేయడానికి కారణమదే.

దీనికి వ్యతిరేకం మంట వెనక్కి దూరడం. పీడనం బాగా తగ్గించినప్పుడు మిశ్రమం వేగం పడిపోతుంది. గొట్టం కొస కాగి ఉంటే మంట పాకే వేగం పెరుగుతుంది. రెండూ కలిస్తే గొట్టం లోపలే కాలడం మొదలై గుర్రుమనే చప్పుడు వస్తుంది.

మంట రంగును బట్టి పాళ్లు చెప్పొచ్చు. పొట్టిగా, స్పష్టంగా ఉన్న నీలి మొన సరైన పాళ్లకు గుర్తు. మూతి నుంచి బయటికి పొడుగ్గా, మెత్తగా ఆడే నారింజ నాలుకలు గ్యాస్ ఎక్కువైందని చెబుతాయి. కొద్దిగా గ్యాస్ ఎక్కువుండటమే ఇనుముకు మంచిదని చాలామంది కమ్మరుల అభిప్రాయం, పొలుసు తగ్గుతుంది కనుక. కానీ కొత్త గోడ పూతలోని సున్నం, సోడియం వల్ల కూడా మంటకు నారింజ ఛాయ వస్తుంది. ఆ రంగు చూసి బర్నర్‌ను తప్పుపట్టి విప్పేసేవాళ్లున్నారు.

బ్లోయర్ వాళ్ల వాదన

వెంచూరి వద్దు, చిన్న ఫ్యానుతో గాలి కొడదాం అనేవాళ్లది ఇంకో వర్గం. గాలి ఒక చేతిలో, గ్యాస్ ఒక చేతిలో ఉంటాయి కాబట్టి మంటను ఎంతకైనా తగ్గించవచ్చు, పెంచవచ్చు. కొలిమి మూతి సగం మూసినా బర్నర్ ఉక్కిరిబిక్కిరి కాదు. చాలా సన్నటి రంధ్రాలున్న దిమ్మ నుంచి మంట వచ్చే రిబ్బన్ బర్నర్‌ను దీనికి తగిలిస్తే వేడి ఒకే చోట పొడవకుండా కొలిమి నిండా పరుచుకుంటుంది, చప్పుడు కూడా తక్కువ.

వెంచూరి పక్షం జవాబు ఒక్క మాటలో: కరెంటు పోతే? ఫ్యాన్ ఆగుతుంది, గ్యాస్ ఆగదు. కాగిన కొలిమిలోకి, ఫ్యాన్ గొట్టంలోకి వట్టి గ్యాస్ నిండుతుంది. కరెంటు ఉన్నప్పుడు మాత్రమే తెరుచుకునే సోలినాయిడ్ వాల్వ్ దీనికి మందు. అది పెట్టుకుంటే ఖర్చు, సరంజామా పెరుగుతాయి. కరెంటు కోతలు అలవాటైన చోట ఆ వాల్వ్ లేని బ్లోయర్ కొలిమిని నేనైతే లెక్కలోకి తీసుకోను. వాల్వ్ ఉంటే ఏది ఎంచుకున్నా ఇనుముకు తేడా తెలియదు.

పది కిలోవాట్లు ఎటు పోతాయి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పొయ్యి మీద చువ్వ ఎంత వేడి తీసుకుంటుందో అంత చుట్టూ ఉన్న చల్లటి గదికి వెదజల్లుతూనే ఉంటుంది. రెండూ సమానమైన చోట రంగు ఆగిపోతుంది. కొలిమి చేసేదల్లా చువ్వ చుట్టూ చల్లటి గదికి బదులు ఎర్రటి గోడ పెట్టడం.

25 సెంటీమీటర్ల వెడల్పు డబ్బా తీసుకుని లోపల 5 సెంటీమీటర్ల సెరామిక్ ఉన్ని చుట్టారనుకుందాం. లోపల 15 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు మిగులుతుంది. అంటే 5.3 లీటర్ల చోటు. ముప్పావు అంగుళం బర్నర్ ఒకటి సుమారు 5.7 లీటర్ల చోటుకు సరిపోతుందని హాబీ కమ్మరుల వాడుక లెక్క. ఆ ప్రకారం ఈ కొలిమికి ఒక బర్నర్ చాలు.

లోపల 1,250 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో కొలిమి మూతి నుంచి బయటికి కాంతి రూపంలో పోయే వేడి ప్రతి చదరపు సెంటీమీటరుకు 30 వాట్లు. వెనక మూసి, ముందు మూతి పూర్తిగా తెరిచి ఉంటే దాని వైశాల్యం 177 చదరపు సెంటీమీటర్లు. అంటే ఐదు కిలోవాట్లకు పైగా ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మీదకు పోతోంది. ఉన్ని గోడల గుండా పోయేది ఎంత? ముప్పావు కిలోవాటు. ఇక కాలిన వాయువులు 1,250 డిగ్రీల దగ్గరే బయటికి వెళ్తాయి కాబట్టి గ్యాస్‌లోని వేడిలో సగానికి పైగా వాటితోనే పోతుంది. పదిన్నర కిలోవాట్లలో కొలిమికి నిజంగా దక్కేది ఐదు కిలోవాట్లకు కాస్త తక్కువ. ఆదాయం ఐదు, ఖర్చు ఆరు. ఈ కొలిమి 1,250కి చేరదు, 1,150 దాటాక ఎక్కడో నిలిచిపోతుంది. సాగగొట్టడానికి సరే, అతకడానికి చాలదు.

అప్పుడు చాలామంది చేసేది రెండో బర్నర్ పెట్టడం, లేదా ఉన్ని ఇంకో పొర చుట్టడం. ఉన్ని రెట్టింపు చేసినా మిగిలేది పావు కిలోవాటు పైచిలుకు. అదే ఒక ఇటుక తెచ్చి మూతిని సగం మూస్తే రెండున్నర కిలోవాట్లు మిగులుతాయి. అదే బర్నర్, అదే గ్యాస్, తెల్లటి కాక. మరీ బిగించి మూసేస్తే వాయువులు బయటికి పోలేక వెంచూరి గాలి పీల్చడం మానేస్తుంది. ఆ హద్దు ప్రతి కొలిమికి వేరు.

గోడ దేనితో: ఉన్ని, ఇటుక, ప్లాస్టర్

సెరామిక్ ఉన్ని బజారులో సాధారణంగా 1,260 డిగ్రీల రకం, 1,430 డిగ్రీల రకం దొరుకుతాయి. తేలిక, త్వరగా వేడెక్కుతుంది. దాని దోషం ధూళి. ఈ నారలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బి వర్గంలో పెట్టింది. దాదాపు వెయ్యి డిగ్రీలు దాటి చాలాసేపు కాగితే నారలో కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికాగా మారుతుంది, అది క్యాన్సర్ కారకమని రుజువైన మొదటి వర్గం. కాబట్టి కొత్త ఉన్ని కంటే పాత కొలిమిని విప్పేటప్పుడు లేచే ధూళి ఎక్కువ ప్రమాదం. ఉన్నికి సిలికా ద్రావణం పట్టించి గట్టిపరచి, పైన అగ్నిమట్టి పూత వేసేది నారలు గాలిలోకి రాకుండా ఆపడానికి. అతుకు పనికి వాడే కరిగిన వెలిగారం ఉన్నిని తినేస్తుంది, ఆ పూత దానికి కూడా అడ్డు.

మామూలు ఫైర్ బ్రిక్ గట్టిది, వెలిగారాన్ని కొంత తట్టుకుంటుంది, కానీ వేడిని తాగుతుంది. కొలిమి వేడెక్కేసరికి చాలా గ్యాస్ అయిపోతుంది. నీటిలో తేలేంత తేలికైన ఇన్సులేటింగ్ ఇటుక వేడిని ఆపుతుంది గానీ, పదేపదే వేడెక్కి చల్లారితే పగులుతుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఇసుక మిశ్రమం ఒకటి రెండు సార్లకు పనిచేస్తుంది. వీడియో తీయడానికి అది చాలు. ప్లాస్టర్‌లో కలిసున్న నీరు వేడికి పోయాక బలం పోతుంది, పగుళ్లిచ్చి రాలుతుంది. సిమెంటు కాంక్రీటు ఇంకా చెడ్డది. లోపల చిక్కిన తడి ఆవిరై పెచ్చులు పేలి ఎగురుతాయి.

గదిలో గాలి లెక్క

గంటకు 0.8 కిలోల గ్యాస్ కాలడానికి సుమారు 2.9 కిలోల ఆక్సిజన్ కావాలి. పన్నెండు పది అడుగుల గదిలో, పదడుగుల ఎత్తుకు, ఉండే మొత్తం ఆక్సిజన్ తొమ్మిది కిలోల పైచిలుకు. తలుపులు బిగించిన గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 19.5 శాతానికి దిగడానికి పావుగంట కూడా పట్టదు. అమెరికా పని భద్రతా నిబంధనలు దాని కిందకు దిగితే ఆక్సిజన్ కొరతగా లెక్కిస్తాయి. గాలి తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. గ్యాస్ ఎక్కువైన మంట అయితే మొదటి నిమిషం నుంచే అది వస్తుంటుంది. రంగు, వాసన లేని వాయువు కాబట్టి తలనొప్పి వచ్చాకే అనుమానం వస్తుంది. ఒక కిటికీ తెరిచానన్న ధీమా చాలదు. కమ్మరిశాలకు మూడు వైపులా గోడ లేకపోవడం బీదరికం వల్ల మాత్రమే కాదు.

ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పారి గుంటల్లో, డ్రైనేజీలో, సెల్లార్‌లో నిలుస్తుంది. గాలిలో రెండు శాతం దాటితే అంటుకోగలదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గ్యాస్ కొలిమి అనే ఆలోచన అందుకే మొదట్లోనే కొట్టేయదగింది.

ఇక జీఐ పైపు. అందుబాటులో ఉందని బర్నర్‌కు, బొగ్గు కొలిమి గొట్టానికి అదే వాడేస్తారు. దాని మీది జింకు పూత 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకు ముందే ఆవిరి మొదలవుతుంది. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. వెల్డర్లకు బాగా తెలిసిన జబ్బే ఇది. చల్లగా ఉండే వెనక భాగంలో జీఐ ఉన్నా ఫర్వాలేదనేవాళ్లు ఒక వైపు, కొలిమి దరిదాపుల్లో వద్దనేవాళ్లు ఇంకో వైపు. పూత లేని ఎంఎస్ పైపు పక్క షాపులోనే దొరుకుతుంది కాబట్టి ఈ చర్చ ఎందుకో నాకు అంతుపట్టదు.

సిలిండర్ సంగతి

ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ను వంటకు తప్ప వేరే పనికి వాడటం 2000 నాటి ఎల్‌పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు కింద నేరం. కొలిమికి దారి 19 కిలోల వాణిజ్య సిలిండర్. మన ఉదాహరణ కొలిమి దాని మీద ఇరవై గంటలకు పైగా నడుస్తుంది.

అయితే ఎంత గ్యాస్ ఉందన్నదొక్కటే కాదు, ఎంత వేగంగా ఆవిరి కాగలదన్నది కూడా చూడాలి. గంటకు 0.8 కిలోల ద్రవం ఆవిరి కావాలంటే 80 వాట్ల పైచిలుకు వేడి సిలిండర్ గోడ గుండా బయటి గాలి నుంచి రావాలి. చిన్న 5 కిలోల సిలిండర్‌లో ద్రవానికి తగిలే గోడ తక్కువ. అంత వేడి అందక లోపలి ద్రవం చల్లబడుతుంది, బయట తేమ కట్టి మంచు పట్టినట్టవుతుంది, పీడనం పడిపోయి మంట నీరసిస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో సిలిండర్ మొదలవడమే ఏడెనిమిది డిగ్రీల దగ్గర కావచ్చు. మే నెల మధ్యాహ్నం బాగా పనిచేసిన కొలిమి అప్పుడు మొండికేస్తే బర్నర్‌ను విప్పి లాభం లేదు. సిలిండర్‌ను మంటతో వెచ్చబెట్టడం ప్రాణాల మీదకు తెచ్చే పని. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలబెట్టడం కొందరి పద్ధతి. ఎక్కువ గ్యాస్ లాగే చోట్ల రెండు సిలిండర్లను ఒకే లైనుకు కలిపి నడుపుతారు. ఒక్కోదాని నుంచి లాగే గ్యాస్ సగమవుతుంది కాబట్టి ఆవిరికి కావలసిన వేడిని రెండూ చుట్టూ ఉన్న గాలి నుంచే తెచ్చుకోగలుగుతాయి.